రాగి పలకల మీద రక్తమాంసాలు

కోసి తెరిచిన దేహంలో అవయవాల హద్దులు పుస్తకంలో గీసినంత స్పష్టంగా ఉండవు. అంతా తడి తడిగా, ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటుంది. ఏది నాడి, ఏది సిర, ఏది వట్టి కొవ్వు పొర అన్నది కొత్తవాడికి ఒక పట్టాన అంతుచిక్కదు. చేయి తిరిగినవాడు ఆకారంతో పాటు రంగును కూడా చూసి వాటిని వేరు చేస్తాడు. అలాంటి శాస్త్రం ఐరోపాలో అచ్చుయంత్రం వచ్చాక కూడా ఒకటిన్నర శతాబ్దానికి పైగా నలుపు తెలుపుల్లోనే గడిపింది. 1543లో బాసెల్‌లో అచ్చయిన ఆండ్రియాస్ వెసాలియస్ మహాగ్రంథంలో చర్మం ఒలిచిన మనుషులు కొండలూ పల్లెలూ వెనక పెట్టుకుని ఠీవిగా నిలబడి ఉంటారు. వాళ్ల ఒంటి మీద నల్ల సిరా తప్ప మరొకటి లేదు. చక్రవర్తి అయిదవ చార్లెస్‌కు సమర్పించిన ప్రతికి మాత్రం చేత్తో రంగులు వేయించారు.

రంగు కావాలంటే అప్పటి మామూలు దారి అదే. నల్లగా అచ్చు వేసి, తర్వాత ఒక్కొక్క ప్రతికీ కుంచె పట్టాలి. ఇందులో ఖర్చు ఒక ఎత్తు, నమ్మకం మరో ఎత్తు. రంగులు వేసేవాడు శవాన్ని చూసి ఉండడు. ఒక ప్రతిలో గులాబీ రంగులో ఉన్న పేగు మరో ప్రతిలో పసుపుగా మారితే, పారిస్ వైద్యుడూ పాదువా వైద్యుడూ ఒకే పుస్తకం చదువుతూ వేర్వేరు దేహాలు చూస్తున్నట్టే లెక్క. అచ్చు బొమ్మకున్న అసలు బలం అన్ని ప్రతులూ ఒకేలా ఉండటం. చేతి రంగు ఆ బలాన్నే తీసేస్తుంది. కాబట్టి రంగు కూడా అచ్చులోనే పడాలి.

రంగుల్లో అచ్చు వేయడం అప్పటికి ఎవరికీ తెలియని విద్యేమీ కాదు. వెనిస్‌లో ఎర్‌హార్ట్ రాట్‌డోల్ట్ 1485 నాటికే ఖగోళ శాస్త్ర గ్రంథంలోని గ్రహణాల పటాలను రంగు సిరాలతో అచ్చు వేశాడు. 1508 ప్రాంతాల్లో జర్మనీలో హాన్స్ బుర్గ్‌క్‌మైర్, లూకాస్ క్రానాఖ్ ఒకే బొమ్మకు రెండు మూడు చెక్క దిమ్మలు చెక్కి, గీతలకు ఒక దిమ్మ, నీడలకు మరో దిమ్మ వాడారు. ఈ పద్ధతి తనదేనంటూ ఉగో ద కార్పి 1516లో వెనిస్ సెనేట్‌ను ప్రత్యేక హక్కు కోరాడు. అంటే విద్య చేతిలో ఉంది. దాన్ని వాడక తప్పని అవసరం శరీర శాస్త్రానికి రావడానికి మరో నూరేళ్లు పట్టింది.

ఆ అవసరం 1622 జూలై 23న ఒక కుక్క కడుపులో కనబడింది. గాస్పారే అసెల్లి అనే ఇటలీ శస్త్రవైద్యుడు మిత్రుల కోరిక మీద బతికున్న కుక్కను కోసి, స్వరపేటికకు వెళ్లే నాడులనూ, ఉదరవితానం కదలికలనూ చూపిస్తున్నాడు. జంతువుల నొప్పి గురించి ఆలోచించని కాలం అది. కడుపు తెరిచి పేగుల్ని పక్కకు లాగగానే, వాటిని పట్టి ఉంచే పల్చని పొర మీద తెల్లటి సన్నని దారాలు అల్లుకుని కనబడ్డాయి. మొదట నాడులే అనుకున్నాడు. అనుమానం వచ్చి ఒకదాన్ని కోస్తే పాలలాంటి తెల్లని ద్రవం చిమ్మింది. కుక్క చనిపోగానే ఆ దారాలు మాయమయ్యాయి. మరో కుక్కను కోస్తే అసలేమీ కనబడలేదు. దానికి తిండి పెట్టలేదని గుర్తొచ్చి, ఈసారి కడుపునిండా తినిపించిన కుక్కను కోస్తే తెల్ల దారాలు మళ్లీ ప్రత్యక్షమయ్యాయి. తిన్న కొవ్వును పేగుల నుంచి మోసుకెళ్లే పాల నాళాలు, ఇప్పుడు లాక్టియల్స్ అంటున్నవి, ఆ విధంగా శాస్త్రం కంట పడ్డాయి.

ఇప్పుడు చిక్కొచ్చింది. ధమనులు, సిరలు అప్పటికే అందరికీ తెలుసు. వాటి పక్కనే, వాటితో కలిసి పాకే మూడో రకం నాళం ఒకటుందని లోకాన్ని నమ్మించాలి. నల్ల గీతలతో గీస్తే మూడూ ఒకేలా ఉంటాయి. చూసినవాడు ఇవి కూడా సిరలే కదా అంటాడు. అసెల్లి గ్రంథానికి నాలుగు పెద్ద మడత బొమ్మలు సిద్ధమయ్యాయి. ఒక్కో బొమ్మకు పలు చెక్క దిమ్మలు వాడి నలుపు, ఎరుపు, రెండు గోధుమ ఛాయల్లో అచ్చు వేశారు. అసెల్లి 1625లో చనిపోయాడు. మిత్రుల పూనికతో ఆ గ్రంథం 1627లో మిలాన్‌లో వెలువడింది. శరీర శాస్త్రంలో రంగుల్లో అచ్చయిన తొలి బొమ్మలు అవే.

కళగా చూస్తే అవి ముతక బొమ్మలే. పేగులు తాళ్ల చుట్టల్లా ఉంటాయి, రంగులు బల్లపరుపుగా పరుచుకుని ఉంటాయి. కానీ ఈ చరిత్ర మొత్తంలో రంగు ఇంత నిజాయితీగా పని చేసిన సందర్భాలు తక్కువ. ఇక్కడ రంగు తీసేస్తే వాదమే పోతుంది. అసెల్లి ఈ నాళాలు కాలేయానికి వెళతాయని పొరబడ్డాడు. అవి ఛాతీలోని పెద్ద నాళం గుండా రక్తంలో కలుస్తాయని జాన్ పెకే 1651లో తేల్చాడు. బొమ్మ చూపినది నిజం, దాని మీద కట్టిన సిద్ధాంతం తప్పు.

ఆ తర్వాత వందేళ్ల దాకా ఈ దారిలో చెప్పుకోదగ్గ అడుగు పడలేదు. కారణం అచ్చు పద్ధతిలో వచ్చిన మార్పు. పదిహేడో శతాబ్దంలో శాస్త్ర గ్రంథాల బొమ్మలు చెక్క దిమ్మల నుంచి రాగి పలకల మీదికి మారాయి. రాగి మీద వెంట్రుకవాసి గీత కూడా తీయవచ్చు, అదే దాని ఆకర్షణ. అయితే చెక్క దిమ్మ మీద ఎత్తుగా నిలిచిన భాగానికి సిరా పూస్తే, రాగి పలక మీద గుంటల్లోకి సిరా దించి పైన తుడిచేయాలి. ఇలాంటి పలక మీద రెండు రంగులు ఒకదానిలో ఒకటి కలవకుండా ఉంచడం కష్టం. నెదర్లాండ్స్‌లోని నైమేహన్‌కు చెందిన యొహానెస్ టేలర్ అనే సైనిక ఇంజినీరు ఒకే పలక మీద చిన్న గుడ్డ ఉండలతో వేర్వేరు చోట్ల వేర్వేరు రంగులు అద్ది అచ్చు తీశాడు. 1688లో దానికి ప్రత్యేక హక్కు కూడా పొందాడు. పూలకు, పక్షులకు అది సరిపోయింది. రంగులు ఒకదానిలోకి ఒకటి మెల్లగా కరిగిపోయే మాంసానికి సరిపోలేదు.

మాంసానికి తగిన పలక వేరే చోట తయారైంది. 1642లో లుడ్‌విగ్ ఫాన్ సీగన్ అనే జర్మన్ సైనికాధికారి హెస్సె-కాసెల్ పాలకురాలు అమేలియా ఎలిజబెత్ చిత్తరువును గీతలే లేకుండా, ఛాయలతోనే అచ్చు వేసి చూపాడు. ఇదే మెజ్జోటింట్. దాని పనితనం చూడాలి. అంచు వంపు తిరిగి, సన్నని పళ్లున్న ఉక్కు పనిముట్టును నున్నని రాగి పలక మీద అటూ ఇటూ ఊపుతూ పోతారు. నిలువుగా, అడ్డంగా, ఐమూలగా, మళ్లీ మళ్లీ, పలకంతా గరుకెక్కేదాకా. ఒక పెద్ద పలకకు ఈ పనే రోజుల తరబడి సాగేది. అప్పుడు సిరా పూసి అచ్చు తీస్తే కాగితమంతా మఖమల్ లాంటి నలుపు. ఇక చిత్రకారుడు గరుకును గీకుతూ పోతాడు. ఎంత గీకితే అక్కడ అంత తక్కువ సిరా నిలుస్తుంది, పూర్తిగా నున్నచేస్తే కాగితం తెలుపే మిగులుతుంది. బొమ్మ నలుపులోంచి తెలుపు వైపు నడుస్తుంది. గీత లేదు కాబట్టి చర్మం చర్మంలాగే, కొవ్వు కొవ్వులాగే మెత్తగా కనబడుతుంది.

ఈ పలకతో మూడు రంగుల లెక్క కట్టినవాడు యాకోబ్ క్రిస్టోఫ్ లె బ్లాన్. 1667లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టి, ఆమ్‌స్టర్‌డామ్‌లో చిన్న చిన్న చిత్తరువులు గీసి బతికిన చిత్రకారుడు. ఐజాక్ న్యూటన్ 1704లో తన కాంతి శాస్త్రాన్ని ప్రచురించి, తెల్లని వెలుగులో రంగులన్నీ ఇమిడి ఉన్నాయని చెప్పాడు. లె బ్లాన్ దానికి చిత్రకారుడి వైపు నుంచి ఒక సవరణ చేర్చాడు: వెలుగు రంగులన్నీ కలిస్తే తెలుపు వస్తుంది, చేత్తో పట్టుకోగల సిరా రంగులన్నీ కలిస్తే నలుపు వస్తుంది. పసుపు, ఎరుపు, నీలం, ఈ మూడూ ఉంటే కంటికి కనబడే ఏ వస్తువు రంగునైనా తేవచ్చని ఆయన వాదం. దాన్నే 1725 ప్రాంతంలో లండన్‌లో ఇంగ్లీషు, ఫ్రెంచి భాషల్లో 'కలరిట్టో' అనే చిన్న పుస్తకంగా వేసి, అప్పటి ఇంగ్లండు ప్రధాని రాబర్ట్ వాల్‌పోల్‌కు అంకితమిచ్చాడు.

చెప్పడం తేలికే. చేయడంలో ఉన్న కష్టం ఊహించుకుంటే గాని తెలియదు. కెమెరా లేదు, రంగుల్ని విడదీసే ఫిల్టర్ లేదు. ఒక కాలేయం ముక్క ముందు కూర్చుని, దాని ముదురు ఎరుపు గోధుమలో నీలం ఎంత, పసుపు ఎంత, ఎరుపు ఎంత అని మనసులోనే విడదీసుకుని, ఆ లెక్కన మూడు పలకల మీద ఒకే చోటును మూడు రకాలుగా గీకాలి. తర్వాత మొదట నీలం, ఆపై పసుపు, చివర ఎరుపు, ఇలా ఒకే కాగితాన్ని మూడుసార్లు యంత్రంలోంచి పంపాలి. గుంటల్లోని సిరాను పట్టాలంటే కాగితం తడిపి ఉండాలి. తడిస్తే కాగితం సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. వెంట్రుకవాసి తేడా వచ్చినా మన దినపత్రికలో అచ్చు కదిలిన రోజున సినిమా హీరోకు రెండు ముక్కులు వచ్చినట్టే ఉంటుంది. వెనకటి చిత్రకారులకు అందని ఒక వసతి లె బ్లాన్‌కు కలిసొచ్చింది: పద్దెనిమిదో శతాబ్దం తొలి ఏళ్లలో బెర్లిన్‌లో బయటపడిన ప్రష్యన్ బ్లూ. ముదురుగా, పల్చగా ఎలా కావాలంటే అలా పలికే నీలం అది.

1719లో ఇంగ్లండు రాజు మొదటి జార్జి నుంచి లె బ్లాన్ పేటెంటు పొందాడు. లండన్‌లో వాటాదారుల డబ్బుతో 'పిక్చర్ ఆఫీస్' అనే సంస్థ పెట్టి, పేరున్న తైలవర్ణ చిత్రాలకు రంగు అచ్చు నకళ్లు తీసి అమ్మాలని చూశాడు. కొన్నేళ్లకే అది దివాలా తీసింది. విద్య ఉన్నవాడికి వ్యాపారం రాకపోవడం మనకూ కొత్త సంగతి కాదు. ఈ పని నడుస్తున్న రోజుల్లోనే, 1721లో, ఒక శరీర శాస్త్ర చిత్రం వేశాడు. రాజవైద్యుల్లో ఒకడైన నథానియెల్ సెయింట్ ఆండ్రే కోసం పురుష జననాంగాన్ని మూడు రంగుల్లో చూపిన బొమ్మ అది. సెయింట్ ఆండ్రే ఒక పెద్ద శరీర శాస్త్ర గ్రంథం తలపెట్టాడు గానీ అది ముందుకు సాగలేదు. 1726లో మేరీ టోఫ్ట్ అనే పల్లెటూరి స్త్రీ కుందేళ్లను కంటోందన్న వార్తను నమ్మి, అది నిజమేనని పుస్తకం కూడా వేశాడు. కొన్ని వారాలకే ఆమె అదంతా మోసమని ఒప్పుకుంది, ఆయన పరువు గంగలో కలిసింది.

లె బ్లాన్ పద్ధతిని శాస్త్రం సరిగ్గా వాడుకున్నది లండన్‌లో కాదు, హాలెండులోని లైడెన్‌లో. లండన్‌లో లె బ్లాన్ దగ్గర పని నేర్చిన యాన్ లాడ్‌మిరాల్ హాలెండు చేరి, లైడెన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు బెర్నార్డ్ సీగ్‌ఫ్రీడ్ అల్బీనస్‌ను కలిశాడు. 1736లో మనిషి పేగుల్లోని ధమనులు, సిరల మీద అల్బీనస్ రాసిన చిన్న గ్రంథంలో లాడ్‌మిరాల్ వేసిన ఒక రంగు బొమ్మ ఉంది. 1741లోగా ఆయన ఇలాంటివి మొత్తం ఆరు వేశాడు. మెదడును కప్పే దట్టమైన పొర, తుంటి కీలు గుంటలోని రక్తనాళాల పొర వాటిలో ఉన్నాయి. అన్నీ చిన్నవే, ఒక్కో బొమ్మలో ఒక్కో ముక్కే. మనిషి ఆకారం ఎక్కడా ఉండదు.

వీటిలో కొన్నింటికి నమూనాలు ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన ఫ్రెడరిక్ రైష్ తయారు చేసినవి. శవంలోని రక్తనాళాల్లోకి రంగు మైనం ఎక్కించి, సూది మొన కంటే సన్నని నాళాలు కూడా ఉబ్బి కనబడేలా చేయడం రైష్ సొంత విద్య. దాని మర్మాన్ని గుట్టుగా దాచుకున్నాడు. రష్యా చక్రవర్తి పీటర్ 1717లో ఆయన సేకరణ మొత్తాన్ని 30,000 గిల్డర్లకు కొని సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు తరలించాడు. ఒక సంగతి ఇక్కడ గమనించాలి. లాడ్‌మిరాల్ బొమ్మలో మెరిసే ఎరుపు రక్తానిది కాదు, శాస్త్రజ్ఞుడు చూపించదలచి ఎక్కించిన మైనానిది. రంగు ముందు దేహంలోకి ఎక్కింది, ఆ తర్వాతే రాగి మీదికి వచ్చింది. అయినా వాదం చెక్కుచెదరదు: ఆ ఎరుపు లేకపోతే ఆ వల కంటికి ఆనదు.

1737లో వచ్చిన రెండో బొమ్మ సంగతి అంత హాయిగా చెప్పుకోగలిగింది కాదు. మనుషుల చర్మానికి రంగు ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న మీద అల్బీనస్ రాసిన గ్రంథానికి లాడ్‌మిరాల్ నల్లజాతి మనిషి చర్మం ముక్కలను రంగుల్లో అచ్చు వేశాడు. రంగు లోపలి మాంసంలో లేదని, పైన ఉన్న పల్చని పొరల్లోనే ఉందని చూపడం ఉద్దేశం. శాస్త్రం దృష్టితో అది సరైన దారి. రంగే ప్రశ్న అయినచోట నలుపు తెలుపు బొమ్మ జవాబు ఇవ్వలేదు. కానీ హాలెండు ఓడలు ఆఫ్రికా మనుషుల్ని బానిసలుగా అమ్ముతున్న కాలం అది. ఆ చర్మం ఎవరిదో పుస్తకం చెప్పదు.

లె బ్లాన్ చివరి మజిలీ పారిస్. 1737లో పదిహేనవ లూయీ రాజు నుంచి ప్రత్యేక హక్కు దొరికింది, పద్ధతిని నిపుణుల ముందు చేసి చూపాలన్న షరతుతో. మరుసటి ఏడాది ఆయన దగ్గర పనికి చేరినవాళ్లలో మార్సెయ్‌కు చెందిన జాక్ ఫాబియాన్ గోతియే ద'అగోతి ఒకడు. ఆరు వారాలు పని చేసి గొడవపడి వెళ్లిపోయాడు. 1741లో లె బ్లాన్ పేదవాడిగా చనిపోగానే, మార్సెయ్ పెట్టుబడిదారుల అండతో హక్కు సంపాదించాడు. ఆ రోజు నుంచి ఈ విద్యకు కర్తను నేనేనని ఊరంతా చాటుకున్నాడు. లె బ్లాన్‌కు మూడు పలకలే తెలుసని, నాలుగోది, నల్ల పలక, తాను చేర్చినదేనని ఆయన వాదన. లె బ్లాన్ కూడా పని తేలిక కోసం నల్ల పలక వాడేవాడని తెలిసినవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఒకడు, లె బ్లాన్ మిత్రుడైన గోతియే ద మోందోర్జ్, 1756లో ఆయన పద్ధతులన్నీ వివరిస్తూ పుస్తకం వేశాడు. మూడు పలకల రహస్యం గురించి ఇవాళ మనకు తెలిసిన దానిలో ఎక్కువ భాగం ఆ పుస్తకం పుణ్యమే.

గొప్పలు ఎన్ని చెప్పుకున్నా గోతియే ద'అగోతికి పట్టుదల ఉంది. పారిస్‌లోని రాజోద్యానంలో శరీర శాస్త్రం చేసి చూపే దువెర్నేతో జతకట్టాడు. దువెర్నే కోసేవాడు, ఈయన బొమ్మ వేసి పలకలు చెక్కేవాడు. 1745లో తల, ముఖం, మెడ కండరాల మీద ఎనిమిది బొమ్మలు, తర్వాత మరో పన్నెండు కలిపి 1746లో ఇరవై బొమ్మల కండరాల గ్రంథం తెచ్చాడు. 1748లో తల మీద మరో సంపుటి. 1752లో అంతర్గత అవయవాల మీద పద్దెనిమిది బొమ్మలు. వాటిలో కొన్నింటిని ఒకదాని కింద ఒకటి అతికిస్తే దాదాపు నిలువెత్తు మనిషి తయారవుతాడు. వేసిన బొమ్మలకు వార్నిష్ పూసి, తైలవర్ణ చిత్రాల్లా గోడకు వేలాడదీయమనేవాడు.

1746 గ్రంథంలోని పద్నాలుగో బొమ్మ ఆయన పేరును నిలబెట్టింది. ఒక యువతి వీపు మన వైపు తిప్పి కూర్చుంది. జుట్టు ముడి వేసి ఉంది. ఎవరో పిలిస్తే చూసినట్టు తల పక్కకు తిప్పింది. చెంపలో ప్రాణం ఉంది, కంట్లో మెరుపు ఉంది. మెడ కింది నుంచి నడుము దాకా చర్మం లేదు. వీపు కండరాలను వెన్నెముక నుంచి విడదీసి రెండు వైపులా తెరిచి పెట్టారు. అవి ఎర్రటి రెక్కల్లా విచ్చుకుని ఉంటాయి, వాటి మధ్య పక్కటెముకలు తెల్లగా కనబడతాయి. ఇరవయ్యో శతాబ్దపు సర్రియలిస్టులు ఈమెను చూసి మురిసిపోయి 'అనాటమీ దేవదూత' అన్నారు. అప్పటి నుంచి పుస్తకాల అట్టల మీద, పోస్టర్ల మీద ఈమె కనబడుతూనే ఉంది.

ఆ బొమ్మ ముందు నిలబడితే చూపు తిప్పుకోలేం. కానీ ఒక వైద్య విద్యార్థి దాని నుంచి ఏం నేర్చుకుంటాడు? కండరాల అంచులు మెత్తగా ఒకదానిలోకి ఒకటి కరిగిపోతాయి. ఏది ఎక్కడ మొదలై ఏ ఎముకకు అంటుకుంటుందో ఖాయంగా చెప్పడానికి వీల్లేదు. అన్ని కండరాలూ ఒకే ఎర్ర గోధుమ రంగులో ఉంటాయి. అసెల్లి బొమ్మలో రంగు రెండు నాళాల మధ్య తేడా చెప్పింది. గోతియే బొమ్మలో రంగు ఇది మాంసమని చెబుతుంది, అంతకుమించి చెప్పదు. ఆ మాట చూసేవాడికి ముందే తెలుసు. అందుకే ఈ గ్రంథాలను చందాలు కట్టి కొన్నవాళ్లలో వింతలంటే మక్కువ ఉన్న సంపన్నులకు దొరికినంత ఆనందం శస్త్రవైద్యులకు దొరికి ఉండదు.

గోతియే అక్కడితో ఆగే మనిషి కాదు. న్యూటన్ రంగుల సిద్ధాంతమే తప్పని, రంగులన్నీ వెలుగు చీకట్ల కలయిక నుంచి పుడతాయని 1750–51లో గ్రంథం రాశాడు. నల్ల పలక తన సొంతమని చెప్పుకునేవాడికి అలాంటి సిద్ధాంతం అనుకూలంగానే ఉంటుంది. పారిస్ సైన్స్ అకాడమీ పెదవి విరిచింది. అరవై ఏళ్ల తర్వాత, తానూ న్యూటన్‌తో తలపడిన జర్మన్ మహాకవి గోథే మాత్రం తన రంగుల శాస్త్ర చరిత్రలో ఈయనను ఆదరంగా తలచుకున్నాడు. 1752లో గోతియే ప్రకృతి శాస్త్రం, భౌతిక శాస్త్రం, చిత్రకళల మీద ఒక పత్రిక మొదలుపెట్టి, అందులోనూ రంగు బొమ్మలు అచ్చు వేశాడు. రంగుల్లో బొమ్మలు వేసిన తొలి విజ్ఞాన పత్రికగా దాన్ని చెబుతారు. ఆయన కొడుకులు కూడా ఇదే పనిలో దిగారు. రెండో కొడుకు అర్నో ఎలువా 1773లో నాన్సీ నగరంలో ఆచార్యుడు నికొలా జదెలో వివరణలతో పదిహేను బొమ్మల శరీర శాస్త్ర గ్రంథం తెచ్చాడు. తండ్రి పనిలోని ఆర్భాటం అందులో తక్కువ.

ఆ శతాబ్దపు దిగ్గజాలు ఏం చేశారన్నది అసలు తీర్పు. రంగు బొమ్మను మొదట పుస్తకంలోకి రానిచ్చిన అల్బీనస్ 1747లో అస్థిపంజరం, కండరాల మీద తన జీవితకాలపు గ్రంథం వెలువరించినప్పుడు రంగు జోలికి పోలేదు. యాన్ వాండలార్ చెక్కిన ఆ నలుపు తెలుపు రాగి పలకల్లో ప్రతి కండరానికీ మొదలూ చివరా ఉంటాయి. విలియం హంటర్ 1774లో గర్భాశయం మీద ముప్ఫై నాలుగు బొమ్మల మహాగ్రంథం వేసినప్పుడు కూడా నల్ల సిరానే నమ్ముకున్నాడు. వాళ్లకు డబ్బు లేక కాదు, తెలియక కాదు. కొలతకు నిలిచే స్పష్టమైన అంచు వాళ్లకు కావలసింది. మెజ్జోటింట్ ఇవ్వలేనిదే అది. మరో వైపు వాదించినవాళ్లూ లేకపోలేదు. నిండు గర్భిణి గర్భాశయం మీద 1757లో లండన్‌లో ఆరు మెజ్జోటింట్ బొమ్మలు వేసిన చార్లెస్ నికొలాస్ జెంటీ, దేహపు మెత్తదనం గీతల కంటే ఛాయల్లోనే పలుకుతుందన్నాడు. మెత్తని అవయవాల వరకు ఆ మాటలో నిజం ఉంది.

ఖర్చు కూడా రంగు మెజ్జోటింట్‌ను దెబ్బతీసింది. యంత్రం ఒత్తిడికి గరుకు త్వరగా అణగిపోతుంది. కొన్ని వందల ప్రతులకే పలక నీరసించి ఛాయలు పాలిపోతాయి. మూడు నాలుగు పలకల్లో ఒక్కటి అరిగినా రంగుల తూకం మొత్తం చెడుతుంది. మొదటి చందాదారుడు చూసిన కాలేయం చివరి చందాదారుడికి దొరకదు. చేతి రంగు మీద మనం మోపిన నేరమే వెనక దారిన ఇక్కడికీ వచ్చి చేరింది.

పద్దెనిమిదో శతాబ్దం ముగిసేలోపు సెనెఫెల్డర్ అనే జర్మన్ రాతి అచ్చు (లిథోగ్రఫీ) కనిపెట్టాడు. ఆ తర్వాత పారిస్‌లో వైద్యుడు బూర్జరీ, చిత్రకారుడు జాకబ్ కలిసి 1831 నుంచి 1854 దాకా ఎనిమిది సంపుటాల్లో తెచ్చిన శరీర శాస్త్రం రాతి అచ్చులోనే వచ్చింది. విచిత్రమేమిటంటే, అందులో రంగులు మళ్లీ చేత్తో వేసినవే. రంగు కూడా రాతి మీదే అచ్చయ్యే పద్ధతికి 1837లో గోద్‌ఫ్రువా ఎంగెల్‌మాన్ పేటెంటు పొందాడు. ఆ విద్యే 1894లో బొంబాయిలో రవివర్మ ప్రెస్‌ అయి వచ్చి, తెలుగిళ్ల గోడల మీద లక్ష్మిని, సరస్వతిని కొలువుంచింది. అచ్చు వేసింది నూనె రంగుల చిత్రంలా కనబడాలన్న తాపత్రయం గోతియేదీ అదే, రవివర్మ ప్రెస్‌దీ అదే. ఇవాళ విజయవాడలోనో హైదరాబాదులోనో ఆఫ్‌సెట్ ప్రెస్‌కు వెళ్లి 'ఫోర్ కలర్' అని అడిగితే నాలుగు ప్లేట్లు వేస్తారు. మూడు రంగులు, ఒక నలుపు. కళ్లతో చేసిన విభజన పోయి కంప్యూటర్ వచ్చింది, నీలం స్థానంలో సయాన్, ఎరుపు స్థానంలో మెజెంటా వచ్చాయి. లెక్క మాత్రం లె బ్లాన్ కట్టినదే.

ఈ బొమ్మలు చూడటానికి ఐరోపా వెళ్లనక్కర్లేదు. లండన్‌లోని వెల్‌కమ్ కలెక్షన్, అమెరికాలో బెథెస్డాలోని నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ గోతియే బొమ్మలను ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచాయి. అనాటమీ దేవదూత వీపును తెర మీద పెద్దది చేసి, ఒక కండరం అంచును వేలితో వెంబడించి చూడండి. కొంత దూరం పోయాక ఆ అంచు ఎక్కడ ఆగిందో చెప్పడం కష్టమవుతుంది. ఆ పక్కనే అల్బీనస్ నలుపు తెలుపు కండరాల బొమ్మ ఒకటి తెరిచి పెట్టుకుంటే, శరీర శాస్త్రజ్ఞులు రంగును ఎందుకు వదులుకున్నారో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.